మా రూతు కథని ఇలాగ ముగించీస్తారేటండీ: ఒక సీరియల్ సంపాదకుడు గారికి, రచయిత్రి గారికి బహిరంగ లేఖ

సంపాదకుడు గారికి, రచయిత్రి గారికి, శ్రీకాకుళం నుంచి వందనాలు.

మీ క్రైస్తవ మాసపత్రికలో వచ్చిన రూతు సీరియల్ ముగింపు గురించి ఈ ఉత్తరం. ఇది మీ ఆఫీసుకి పోస్టులో పంపితే రెండు లైన్లు వేస్తారు, "సీరియల్ ఆసక్తికరంగా సాగింది" అన్న ముక్క ఉంచి మిగతాదంతా కట్ చేసీస్తారు, అందుకే అందరికీ కనపడేలాగ రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను గాని మర్యాద తప్పను, మా అమ్మ పక్కనే కూచుని ఏం రాస్తున్నానో చూస్తోంది. ఆవిడకి నాకంటే ఎక్కువ కోపం.

ముందు బాగున్నది చెప్తాను. మొదలు చాలా బాగుందండి. 1866 కరువుతో ఎత్తుకున్నారు చూడండి, అక్కడే పడిపోయాం మేము. ఒరిస్సా కరువు అనే రాస్తారు ఎక్కడైనా, కానీ అది గంజాం జిల్లాని కూడా తినీసింది, అప్పుడు మా శ్రీకాకుళం ఆ గంజాం జిల్లాలోనే ఉండేది, ఈ సంగతి మా పిల్లలకి స్కూల్లో ఎవరూ చెప్పరు. గంజి పోసే చోట ముసలాయన ముంత పట్టుకుని నిలబడి, ఎవరొండారో అడగాలా వద్దా, అడిగితే తాగలేడు, అడక్కపోతే ఇంటికెళ్ళలేడు, అలా ఎండలో నిలబడిపోయిన సీను, అది చదివాక మా ఇంట్లో ఆ పూట ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. అది మీరు గాల్లోంచి తీసింది కాదని నాకు తెలుసు, ఒరిస్సా వైపు సత్రాల్లో తిన్నవాళ్ళని కులంలోకి తిరిగి రానివ్వకపోతే వాళ్ళే ఛత్రఖియా అని వేరే కులంగా మిగిలిపోయారు. ఇంత తెలిసిన మనిషి రాస్తున్న కథ అని నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే కదా నెలనెలా డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర పుస్తకాల షాపుకెళ్ళి, వచ్చిందా రాలేదా అని అతని ప్రాణం తీసింది.

రూతు నచ్చింది. మిషన్ స్కూల్లో చదువుకుని అక్కడే చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించే అమ్మాయి, చిన్నప్పుడే పెళ్ళైపోయింది, బొబ్బిలి వైపు ఎక్కడో మొగుడున్నాడు, తను క్రీస్తుని నమ్మింది అని తెలిసి వాడు ఇంక ఇటువైపు రాలేదు. సూర్యనారాయణ కూడా నచ్చాడు, అరసవిల్లి దేవుడి పేరు పెట్టారు కుర్రాడికి, అది కూడా మా మనసు దోచింది. కోర్టులో గుమస్తా, కరువు లెక్కలు రాసుకోడానికి మిషన్ బంగళాకి వస్తాడు, రూతు పిల్లల చేత చదివిస్తున్న సువార్త వినడానికని గుమ్మం దగ్గర ఆగుతాడు, వినేది సువార్తా ఆ పిల్ల గొంతా అన్నది అతనికీ తెలీదు మనకీ తెలీదు. ఇద్దరూ ఒక్కసారి కూడా ప్రేమ అన్న మాట అనుకోలేదు, అయినా చర్చిలో మా స్త్రీల సమాజంలో సగం మంది ఆ భాగాలు వచ్చినప్పుడు ప్రార్థన అయ్యాక ఇంటికెళ్ళకుండా ఇదే మాట్లాడుకునేవారు. పాస్టరమ్మ గారు కూడా.

తర్వాత ఏమైపోయిందండీ మీకు?

చిన్నవి ముందు చెప్పీసి పక్కన పెడతాను, వీటి గురించే అయితే నేను పెన్ను పట్టేదాన్ని కాదు. 1867లో సూర్యనారాయణ "శ్రీకాకుళం స్టేషన్లో" రైలు దిగడం ఏటండీ? ఇటువైపు ఈస్ట్ కోస్ట్ లైను పూర్తిగా పడింది 1893కీ 1896కీ మధ్యలో. పైగా ఈరోజుకీ శ్రీకాకుళం ఊర్లో రైల్వే స్టేషన్ లేదు, ఆమదాలవలసలో దిగి ఆటోనో బస్సో పట్టుకోవాలి, దాని పేరే శ్రీకాకుళం రోడ్, ఈ బాధ ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. రైలు లేకపోతే నష్టమేముంది, కళింగపట్నం రేవు ఉంది కదా, ఓడ దూరంగా లంగరేసుకుంటే అలల మీద మసూలా పడవలో ఒడ్డుకి చేరాలి, ఎంత సీను అది, మద్రాసు నుంచి వచ్చే కుర్రాడు తడిసి ముద్దై దిగితే ఎంత బాగుండేది. మరి "శ్రీకాకుళం జిల్లా కలెక్టరు దొర" అని రాసారు, మాకు జిల్లా వచ్చిందే 1950 ఆగస్టు 15న. విజయనగరానికైతే 1979 దాకా రాలేదు. బంగళాలో వైశాఖమాసంలో చలిమంట కాచుకుంటూ పియానో వాయించడం, దాని గురించి నేనేం అనను, మా అమ్మ నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

మిషన్ల దగ్గర కూడా ఇలాగే కలిపీసారు. 1866లో కెనడా దొరల బాప్టిస్టు మిషన్ ఇక్కడ ఉన్నట్టు రాసారు, కెనడా బాప్టిస్టులు సొంతంగా తెలుగు మిషన్ మొదలుపెట్టింది 1874లో, అదీ కాకినాడలో, మా వైపుకి ఆ తర్వాతే వచ్చారు. అంతకుముందు ఇక్కడ పనిచేసింది లండన్ మిషన్ వాళ్ళు, వాళ్ళు 1805లోనే విశాఖపట్నంలో దిగి తెలుగులో సువార్తలు తర్జుమా చెయ్యడం మొదలుపెట్టారు, ఆనందరాయరు అని ఒక తెలుగు బ్రాహ్మణుడు వాళ్ళకి తోడు. ఒక దొర, ఒక పండితుడు, ఒక తాటాకుల కట్ట, అక్కడే ఒక సీరియల్ ఉంది, అది వేరే సంగతి. సరే, ఎవరి మిషనో ఒకరిది అనుకుందాం అంటే, బాప్టిస్టు పాస్టరు గారు చంటిబిడ్డ నుదుటి మీద నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇచ్చీసారు, పై నెలలో అదే పాస్టరు గారు చెక్క గదిలో కూచుని రూతు పాపసంకీర్తనం విన్నారు. బాప్టిస్టు సంఘంలో పసిబిడ్డలకి బాప్తిస్మం ఉండదండీ, నమ్మి ఒప్పుకున్న పెద్దవాళ్ళకి నీళ్ళలో ముంచి ఇస్తారు, అందుకే కదా మాకు ఏరు అంటే అంత ఇది. చెక్క గది ఉండేది కేథలిక్కులకి, వాళ్ళు విశాఖపట్నం వచ్చింది 1846లో, వాళ్ళ పాదిర్లు వేరు, వాళ్ళ పద్ధతి వేరు. మూడు చర్చిల్ని ఒక గిన్నెలో వేసి కలిపీసి "క్రైస్తవులు" అని పేరు పెట్టీసారు, బయటివాళ్ళు అలా అనుకుంటే సరే అనుకుంటాం, క్రైస్తవ పత్రిక అని పైన వేసుకుని మీరే అలా చేస్తే ఎలాగ?

ఇంక అసలు సంగతికి వస్తాను.

రూతు మొగుడు. మొత్తం కథ వీడి మీదే నిలబడింది కదా. వీడు బతికున్నంతకాలం రూతు ఇంకొకర్ని పెళ్ళి చేసుకోలేదు, వాడు రానివ్వడు, వదలడు. ఇరవై భాగాలు పైగా మమ్మల్ని ఈ ముడి దగ్గరే కూచోబెట్టారు. ఎలా విప్పుతారా అని నేను రోజూ ఆలోచించేదాన్ని, బియ్యం ఏరుతూ కూడా అదే. తీరా మీరేం చేసారు? "అంతలో బొబ్బిలి నుండి కబురు వచ్చింది. విసూచి సోకి అతడు మరణించాడు." అయిపోయింది. ఒక లైను. రూతు ఒక కన్నీటిబొట్టు కార్చింది, తర్వాతి పేరాలో మల్లెపూలు.

అమ్మా రచయిత్రి గారూ, మీరు కరువు పెట్టుకున్న ఆ 1866 సంవత్సరంలోనే గవర్నమెంటు ఒక చట్టం చేసింది, సరిగ్గా రూతులాంటి వాళ్ళ కోసమే చేసింది. మతం మారి క్రైస్తవులైన మనిషిని ఆ కారణంగా భార్యో భర్తో ఆరు నెలలు వరసగా వదిలేస్తే, ఆ మనిషి కోర్టుకెళ్ళి, నా కాపురం నాకు ఇప్పించండి అని దావా వెయ్యొచ్చు. కోర్టు అవతలి మనిషిని పిలిపించి అడుగుతుంది, కాపురం చేస్తావా చెయ్యవా అని. చెయ్యను, మతం మారింది కాబట్టే చెయ్యను అంటే, వెంటనే తెంచెయ్యదు. ఏడాది వాయిదా వేస్తుంది. ఏడాది తర్వాత మళ్ళీ పిలిచి అడుగుతుంది. అప్పుడు కూడా కాదంటేనే పెళ్ళి రద్దు, తర్వాత ఇద్దరూ వేరే పెళ్ళి చేసుకోవచ్చు.

ఏడాదండీ! సీరియల్ రాసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? గవర్నమెంటే మీకు పన్నెండు భాగాలు రాసి చేతిలో పెట్టింది కదా.

ఒకసారి ఆలోచించండి. రూతు దావా వెయ్యాలంటే ముందు "నాకు నా భర్త కావాలి" అని రాయించాలి, మనసులో సూర్యనారాయణని పెట్టుకుని కాగితం మీద మొగుడు కావాలని అడగాలి. అబద్ధం ఆడకూడదు అని పిల్లలకి చెప్పే టీచరు. మరి ఆ సమన్లు రాసేది ఎవరు? కోర్టు గుమస్తా! మన సూర్యనారాయణే! తను ప్రేమించిన పిల్లని కాపురానికి తీసుకెళ్ళమని ఆమె మొగుడికి తన చేత్తో నోటీసు రాయాలి, అక్షరం తప్పు లేకుండా. అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటుంది, ఆ మొగుడు కోర్టులో నిలబడి, సరే తీసుకెళ్తాను అంటే? ప్రేమతో కాదు, కక్షతో, ఎవరో చెవిలో ఊదితే. అనీసాడంటే ఇంక ఆ చట్టం రూతుకి పనికిరాదు. ఏడాది పొడుగునా ఆ పిల్ల మనసు ఎలా ఉంటుంది, మొగుడు మనసు మార్చుకోకూడదని దేవుడికి ప్రార్థన చెయ్యొచ్చా, అలా ప్రార్థిస్తే అది పాపమా? ఈ ప్రశ్న మా స్త్రీల సమాజంలో పడేస్తే మూడు ఆదివారాలు కొట్టుకుంటాం మేము.

మీరేమో వాడికి విసూచి తెప్పించీసారు. మీరు చెయ్యాల్సిన పని కలరా చేత చేయించీసారు.

చచ్చిపోయినవాడి మీద కూడా ఒక్క మంచి మాట లేదు చూడండి, అది ఇంకా బాధ. వాడూ చిన్నప్పుడు తాళి కట్టమంటే కట్టిన కుర్రాడే కదా, వాడినేమన్నా అడిగారా. వాడికీ ఒక తల్లుంటుంది, కోడలు వేరే దేవుణ్ణి నమ్మిందని ఊళ్ళో తల ఎత్తుకోలేని తల్లి. ఆవిణ్ణి ఒక్క భాగంలో మాట్లాడించి ఉంటే కథ ఇంకో మెట్టు ఎక్కేది. మా పక్కింటి అప్ప, వాళ్ళు హిందువులే, మా ఇంట్లో పత్రిక తీసుకెళ్ళి చదివేది, గుళ్ళో పూజారి రూతు మీద విషప్రయోగం చేయించిన భాగం అయ్యాక తిరిగి తెచ్చిచ్చీసి, "మీ కథల్లో మావాళ్ళందరూ ఇలాంటోళ్ళేనేటి" అంది. నవ్వుతూనే అంది. నేను ఏం చెప్పాలి ఆవిడకి? మా ఇంట్లో చావొస్తే ముందు పరిగెత్తుకొచ్చేది ఆవిడే. విలన్ కావాలంటే డబ్బుకో భూమికో ఆశపడిన మనిషిని పెట్టుకోండి, బొట్టు ఉన్న ప్రతివాడూ విలనైతే అది కరపత్రం, కథ కాదు.

ఇప్పుడు సూర్యనారాయణ బాప్తిస్మం. ఇది రాయడానికే నాకు చెయ్యి ఆడట్లేదు.

తుఫాను రాత్రి, నాగావళి పొంగుతోంది, పడవ తిరగబడింది, మెరుపులో సిలువ కనపడింది, "ప్రభువా" అన్నాడు, ఒడ్డున పడ్డాడు. పై భాగంలో బాప్తిస్మం. దాని పై భాగంలో పెళ్ళి. నేను నమ్మినదాన్నేనండీ, అద్భుతాలు జరగవు అని చెప్పే మనిషిని కాదు. క్రైస్తవుల్ని పట్టుకోడానికి వెళ్తున్న సౌలుకి దమస్కు దారిలో వెలుగు కనపడింది, మేమూ చదివాం. కానీ ఆ తర్వాత ఏమైంది? మూడు రోజులు గుడ్డివాడై అన్నపానాలు లేకుండా ఉన్నాడు. యెరూషలేము వెళ్తే శిష్యులే నమ్మలేదు, భయపడ్డారు. దమస్కులో చంపబోతే గంపలో కూచోబెట్టి గోడ మీంచి దించారు. వెలుగు ఒక్క క్షణం, మిగతా జీవితమంతా దాని ఖర్చు. మీ సూర్యనారాయణకి ఖర్చేది? ఒక పడవ పోయింది, అదీ అద్దె పడవ.

పైగా ఆ వెలుగు ఎప్పుడు కనపడింది? సరిగ్గా మొగుడు చచ్చిపోయి రూతు ఖాళీ అయ్యాక, ఇంక అడ్డం ఉన్నది మతం ఒక్కటే అన్నప్పుడు. పెళ్ళికి సర్టిఫికెట్ తక్కువైతే తెప్పించుకున్నట్టు తెప్పించారు. చదివే హిందువు ఏమనుకుంటాడు, పిల్ల కోసం మతం మారాడు అనుకుంటాడు. చదివే క్రైస్తవుడు ఏమనుకుంటాడు, అదే అనుకుంటాడు. మన మీద ఎప్పుడూ వేసే నింద అదే కదా, దాన్నే మీరు ప్రేమకథగా రాసి క్రిస్మస్ సంచికలో రంగుల బొమ్మతో వేసారు.

ఆ రోజుల్లో బాప్తిస్మం అంటే ఏంటో మా ఇళ్ళలో ఇంకా చెప్పుకుంటారు. బావి దగ్గర చేద ముట్టనివ్వరు. చాకలి రాడు, మంగలి రాడు. మా తాత గారి నాన్న గారు నీళ్ళలో దిగి వచ్చాక వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ కొడుకింట్లో మంచినీళ్ళు ముట్టలేదట, గుమ్మం బయట కూచుని మనవల్ని ఆడించి వెళ్ళిపోయేదట, రోజూ వచ్చేది, రోజూ బయటే. ద్వేషం లేదు అక్కడ, ప్రేమే ఉంది, అయినా గుమ్మం దాటలేదు. అలాంటిది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి సూర్యనారాయణకి జరగనివ్వలేదు మీరు. మేనమామ రెండు పేరాల్లో క్షమించీసాడు.

ఆస్తి గొడవ ఒకటి పెట్టారు గాని అదీ తప్పే. మతం మారితే తాతల భూమి పోతుంది అని మేనమామ చేత బెదిరింపించారు, మతం మారినా కులం పోయినా వారసత్వ హక్కు పోదు అని 1850లోనే చట్టం వచ్చింది, కోర్టులో పనిచేసే గుమస్తాకి అది తెలీదా? తెలిసినవాడు ఏమంటాడు? "మావయ్యా, చట్టం నా వైపుంది" అంటాడు. మావయ్య ఏమంటాడు? "చట్టం నీ వైపుంటే ఉండనీ, ఊరు నా వైపుంది, ఆ పొలం ఎవడు దున్నుతాడో చూద్దాం" అంటాడు. ఇదీ గొడవంటే.

ఇంకోటి కూడా చెప్పాలి. మీ కథలో పెళ్ళి జరిగింది 1873లో. 1872లో వచ్చిన క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దర్లో ఒక్కరు క్రైస్తవులైనా పెళ్ళి చెయ్యొచ్చు. అంటే సూర్యనారాయణ బాప్తిస్మం తీసుకోకపోయినా చట్టం అడ్డం రాదు. అడ్డం వచ్చేది సంఘం. అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దని కొరింథీయులకి పౌలు రాసిన మాట ఉంది కదా, దాన్ని పట్టుకుని దొరలూ సంఘపెద్దలూ ఒప్పుకోరు, రూతుకి స్కూల్లో ఉద్యోగం పోతుంది, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యనివ్వరు. అప్పుడు చూడండి, అటు మొగుడి ఊరూ వెలేసింది, ఇటు తను నమ్ముకున్న సంఘం కూడా వెలేస్తానంటోంది, మధ్యలో పిల్ల. సూర్యనారాయణ మంచివాడైతే ఆ పరిస్థితిలో ఏం చేస్తాడు? నీ కోసం ముంచించుకుంటాను అంటాడా? అంటే రూతు ఒప్పుకుంటుందా? నాకు తెలిసిన రూతు, మీరు మొదటి పది భాగాల్లో రాసిన రూతు, నా కోసమైతే వద్దు అంటుంది. ఆ ఒక్క మాట ఆ పిల్ల నోట వినాలని ఎదురుచూసాం మేము. బైబిల్లో రూతుని కూడా అత్తగారు వెనక్కి వెళ్ళిపొమ్మనే చెప్పింది, ఎవరూ రమ్మనలేదు, తనే వచ్చింది. ఆ పేరు పెట్టి మరీ అసలు సంగతి వదిలీసారు.

మరి సువార్తమ్మ ఎక్కడండీ?

చదవనివాళ్ళకి చెప్తాను, సువార్తమ్మ బైబిలు స్త్రీ. మాలపేటలో పుట్టి, నలభై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకుని, సంచిలో సువార్త ప్రతులు వేసుకుని ఊళ్ళు తిరిగే మనిషి. చెప్పుల్లేవు. మొదట్లో ఆవిడ వచ్చిన ప్రతి సీనూ బంగారం. పొందూరు వైపు నేతగాళ్ళ ఇళ్ళ దగ్గర వాలుగ చేప దవడతో దూది దువ్వుతున్న ఆడవాళ్ళ మధ్య కూచుని, వాళ్ళ పని వాళ్ళని చేసుకోనిస్తూ కథ చెప్పినట్టు సువార్త చెప్పడం, నాకు మా మేనత్తే కనపడింది. మా వైపు చర్చిలు నిండింది ఎవరితో అనుకుంటున్నారు? జమీందారు మేనల్లుళ్ళతో కాదు. సువార్తమ్మలాంటి వాళ్ళ పేటలతో, వాళ్ళ కాళ్ళతో. దొరల ఉత్తరాలు, రిపోర్టులు లండన్‌లో, కెనడాలో బీరువాల్లో భద్రంగా ఉంటాయి, ఈ ఆడవాళ్ళ గురించి రాసింది తక్కువ, చాలాచోట్ల పేరు కూడా వెయ్యరు. అందుకే కథలు రాసేవాళ్ళ అవసరం ఇక్కడే ఎక్కువ. మీరు ఆవిణ్ణి సృష్టించారు, బతికించారు, తర్వాత సగంలో మర్చిపోయారు. చచ్చిపోయిందని కూడా రాయలేదు! పెళ్ళిలో లేదు. పెళ్ళిలో దొరసాని ఉంది, పియానో ఉంది, ఇంగ్లీషు పాట ఉంది, రూతుకి చదువు చెప్పించమని దొరల కాళ్ళావేళ్ళా పడిన సువార్తమ్మ లేదు. ఆ పాట కూడా, మనకి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఉన్నాయి కదా, 1803లో పుట్టి 1890 దాకా బతికిన మనిషి, మా ఈ కళింగ ప్రాంతంలో తిరిగిన మనిషి, మీ కథ జరిగే టైముకి బతికే ఉన్నాడు, ఈరోజుకీ ఏ తెలుగు చర్చికెళ్ళినా ఆయన కీర్తన లేకుండా ఆరాధన అవ్వదు. పియానో ఎందుకండీ, కంజిర చాలు.

భాష గురించి ఎక్కువ మాట్లాడను. అందరూ టీవీ సీరియల్లో మాట్లాడినట్టు మాట్లాడారు, సువార్తమ్మ ఒక్కతే మొదట్లో మా మాట మాట్లాడేది, ఆవిడతో పాటు అదీ పోయింది. విజయనగరంలో 1892లోనే గురజాడ గారు స్టేజి మీద మనుషుల్ని మనుషుల్లా మాట్లాడించారు, వాడుక భాష కోసం ఊరూవాడా కొట్లాడిన గిడుగు గారు పుట్టింది మా శ్రీముఖలింగం దగ్గర. ఇక్కడి కథకి ఇక్కడి మాట పెట్టడానికి భయమెందుకు.

సంపాదకుడు గారూ, మీకు వేరే చెప్పాలి. తప్పంతా రచయిత్రి గారిది కాదని నాకు అనుమానం. మధ్యలో రెండు నెలలు సీరియల్ పేజీలు తగ్గించి వంటల పోటీ వేసారు. కొత్త సంవత్సరం నుంచి కొత్త సీరియల్ అని ముందే ప్రకటన ఇచ్చీసారు. ఆ తర్వాత నుంచే కదా ఈ చావులూ తుఫానులూ మొదలైనవి, చివరి మూడు భాగాల్లో ఒక చావు, ఒక తుఫాను, ఒక బాప్తిస్మం, ఒక క్షమాపణ, ఒక పెళ్ళి, ఒక లండన్ ప్రయాణం. ఆవిడికి ఇంకో ఆరు నెలలు ఇస్తే మీ పత్రికకి ఏం నష్టం? మా అమ్మలాంటి వాళ్ళు పత్రిక కొంటున్నదే రూతు కోసం. పాఠకుల ఉత్తరాల్లో "దేవుని మహిమ" అని రాసినవి వేసారు, సంతోషం, "ఇదేంటి ఇలాగైపోయింది" అని రాసినవి కూడా వచ్చే ఉంటాయి, మా స్త్రీల సమాజం నుంచే వెళ్ళాయి, ఒక్కటీ కనపడలేదు. క్రైస్తవ పత్రిక అయితే విమర్శ వెయ్యకూడదు అని ఎక్కడా రాసి లేదు.

ఇది పుస్తకంగా వేస్తున్నారని తెలిసింది. వేసేముందు ఆగండి. మొగుణ్ణి బతికించండి, కోర్టుకి రప్పించండి, ఆ ఏడాది మాకు ఇవ్వండి. సూర్యనారాయణకి బాప్తిస్మం ఇవ్వాలంటే ఇవ్వండి, కానీ పెళ్ళికి ముందు కాదు, పెళ్ళి ఆశ పూర్తిగా పోయాక, లేదా పెళ్ళైన ఇరవై ఏళ్ళకి, లేదా అసలు ఇవ్వకండి, గుమ్మం దగ్గరే నిలబడి జీవితాంతం వింటూ ఉండనివ్వండి, మేము ఏమీ అనుకోం. పడవ మాత్రం ముంచకండి. రచయిత్రి గారు ఒకసారి ఇటు వస్తే మంచిది, శ్రీకాకుళంలో కథలు రాసిన కారా మాస్టారు, కాళీపట్నం రామారావు గారు, 1997లో పెట్టిన కథానిలయం ఉంది, పాత పత్రికలు, కథలు అన్నీ ఒకచోట దొరుకుతాయి, ఈ నేల మీద ముందు ఎవరెలా రాసారో చూడొచ్చు. అక్కణ్ణుంచి కళింగపట్నం తీసుకెళ్తాను, లైట్‌హౌస్ చూద్దురు గాని. భోజనం మా ఇంట్లోనే, ఆదివారమైతే స్త్రీల సమాజం వాళ్ళు కూడా వస్తారు, కొంచెం గట్టిగానే మాట్లాడతారు, మీరు సిద్ధపడి రావాలి.

సువార్తమ్మకి ఏమైందో అప్పుడైనా చెప్పాలి. చెప్పకపోతే పుస్తకం కొనం. మా అమ్మ మీ సీరియల్ భాగాలు కత్తిరించి పుస్తకంలా కుట్టించింది గాని విసూచి కబురు వచ్చిన భాగానికి ముందే ఆపీసింది, ఆ తర్వాత సంచికలన్నీ పాత పేపర్లవాడికి వేసీమంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
శ్రీకాకుళం